పొగ మానేవారికి తోటివారే కొండంత అండ

హౌరా నుంచి చెన్నై వైపు సాగే రైలు మార్గంలో ఖరగ్‌పూర్ దాటగానే వచ్చే స్టేషను హిజ్లీ. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఇక్కడ నిర్బంధ శిబిరంగా ఉన్న భవనంలోనే 1951లో దేశపు తొలి ఐఐటీ ప్రారంభమైంది. ఒక వైపు విద్యార్థుల వసతి గృహాలు, మరొక వైపు రైల్వే కార్మికుల క్వార్టర్లు ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు మాట వినిపించని వీధులు తక్కువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు పని వెతుక్కుంటూ ఇక్కడికి తరలివచ్చాయి. వర్క్‌షాపులోను, యార్డులోను, లైను మీద పనిచేసే గ్యాంగుల్లోను తరతరాలుగా తెలుగువారు ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో చేర్చేందుకు ఆమోదం తెలపడానికి ప్రధాన కారణం ఖరగ్‌పూర్ తెలుగువారే.

ఇటువంటి కార్మిక పట్టణాల్లో ధూమపానం ఒంటరి అలవాటు కాదు. డ్యూటీ మారే వేళ టీ దుకాణం దగ్గర ఒకరు బీడీ కట్ట తీస్తే నలుగురి చేతులు ముందుకు వస్తాయి. రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి ఒకటి, పై అధికారి మందలించినప్పుడు ఒకటి, పని సజావుగా ముగిసిన సంతోషంలో ఇంకొకటి. మొదటి దమ్ము స్నేహితుడి చేతి నుంచి అందుతుంది. మానివేసిన తరువాత మళ్లీ మొదలుపెట్టించే దమ్ము కూడా చాలాసార్లు అదే చేతి నుంచి వస్తుంది. పొగాకు మానివేతపై జరిగిన పరిశోధనలు పదే పదే చెబుతున్నది ఈ విషయాన్నే. అలవాటు తోటివారి వల్ల అంటుకుంటే, దాని నుంచి బయటపడే మార్గం కూడా తోటివారి మధ్యనే ఉంది.

ఈ సంగతిని తెలుగు సాహిత్యం ఎప్పుడో గుర్తించింది. విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చు వేసిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం తన శిష్యుడు వెంకటేశానికి నేర్పిన విద్య ఏమిటి? తన సావాసమే పెద్ద చదువని గురువు గొప్పలు చెప్పుకుంటే, తనకు అబ్బింది చుట్ట కాల్చడం ఒక్కటేనని శిష్యుడు వాపోతాడు. ప్రేక్షకులు నవ్వుకునే ఆ సంభాషణలో వైద్యశాస్త్రం తరువాతి కాలంలో లెక్కలతో రుజువు చేసిన సత్యమే ఉంది.

శరీరంలో జరిగేది

పొగతో పాటు ఊపిరితిత్తులలోకి చేరిన నికోటిన్ కొద్ది సెకన్లలోనే మెదడును తాకుతుంది. అక్కడ డోపమైన్ అనే రసాయనం విడుదలై హాయి కలిగిన భావన ఏర్పడుతుంది. రక్తంలో నికోటిన్ మోతాదు సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. మోతాదు తగ్గగానే చిరాకు, అసహనం, ఏకాగ్రత లోపం మొదలవుతాయి. మళ్లీ ఒకటి వెలిగిస్తే అవి సద్దుమణుగుతాయి. పొగ తాగితే మనసు కుదుటపడుతుందని చాలామంది నమ్మడానికి కారణం ఇదే. నిజానికి ఆ సిగరెట్టు తీర్చేది దానికి ముందు తాగిన సిగరెట్టు మిగిల్చిన అవస్థను.

బీడీ చిన్నది కాబట్టి హాని తక్కువన్న అపోహ కార్మిక వర్గాల్లో బలంగా ఉంది. తునికాకు చుట్టిన బీడీ త్వరగా ఆరిపోతుంది. అందువల్ల తాగేవారు వెంట వెంటనే, గట్టిగా పీలుస్తారు. ఫలితంగా నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టుకు తీసిపోకుండా, తరచు అంతకన్నా ఎక్కువగా లోపలికి చేరతాయి.

వ్యసనం ఎంత బలంగా ఉందో తెలుసుకోవడానికి వైద్యులు అడిగే తొలి ప్రశ్న చాలా సాధారణమైనది. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి పొగ తాగుతారు? ఐదు నిమిషాల లోపే అయితే ఆధారపడటం చాలా ఎక్కువగా ఉన్నట్టు. అరగంట లోపు అయినా తేలికగా తీసుకోదగినది కాదు. ఇటువంటివారికి మనోబలం ఒక్కటే చాలదు, వైద్య సహాయం కూడా కావాలి.

మానిన తరువాత అవస్థ మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రంగా ఉంటుంది. చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. పొగ మీదికి మనసు లాగే తహతహ వచ్చినప్పుడు అది ఎప్పటికీ తీరదని అనిపిస్తుంది గాని, సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే దాని ఉద్ధృతి తగ్గిపోతుంది. ఆ కొద్ది నిమిషాలను దాటించగల మనిషి పక్కన ఉన్నాడా లేడా అన్నదే అసలు ప్రశ్న.

ఎందుకంటే శరీరం నికోటిన్‌ను మరచినంత వేగంగా మనసు దాన్ని మరవదు. టీ గ్లాసు, వర్షం, రైలు ప్రయాణం, భోజనం ముగిసిన క్షణం, ఇవన్నీ ఏళ్ల తరబడి పొగతో ముడిపడి ఉంటాయి. ఆరు నెలలు మానుకున్న మనిషి కూడా ఒక పెళ్లి భోజనం తరువాత ఉన్నట్టుండి జేబు తడుముకుంటాడు. ఎవరి సహాయమూ లేకుండా తమంతట తాము మానాలని ప్రయత్నించిన ప్రతి 100 మందిలో ఆరు నెలలు, ఏడాది తరువాత కూడా పొగకు దూరంగా ఉన్నవారు 3 నుంచి 5 మంది మాత్రమేనని అధ్యయనాలు చెబుతున్నాయి. ఈ అంకె నిరాశ కలిగించేదే. అయితే ఓడిపోయినవారందరూ మనోబలం లేనివారన్న నింద తప్పని కూడా ఇదే అంకె చెబుతోంది.

ఒకరు మానితే ఎందరు?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణం ఉంది. అక్కడి హృద్రోగ అధ్యయనంలో భాగమైన 12,067 మంది బంధుత్వాలను, స్నేహాలను 1971 నుంచి 2003 వరకు పరిశీలించి నికొలాస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2008లో ఫలితాలు ప్రకటించారు. భార్యాభర్తల్లో ఒకరు మానితే రెండవవారు పొగ తాగే అవకాశం 67 శాతం తగ్గింది. స్నేహితుడు మానితే 36 శాతం, తోబుట్టువు మానితే 25 శాతం తగ్గింది. చిన్న సంస్థల్లో కలిసి పనిచేసేవారి మధ్య ఈ తగ్గుదల 34 శాతం. అంటే తోబుట్టువు కన్నా పక్కన పనిచేసే మనిషి ప్రభావమే ఎక్కువ. మరొక విశేషం కూడా వారు గమనించారు. జనం ఒక్కొక్కరుగా కాక గుంపులు గుంపులుగా మానివేశారు. ఒకే గ్యాంగులో, ఒకే షెడ్డులో ఏళ్ల తరబడి కలిసి పనిచేసే రైల్వే కార్మికులకు ఈ ఫలితాలు ప్రత్యేకంగా వర్తిస్తాయి.

బృందంగా కూర్చుని మాట్లాడుకుంటూ మానివేసే పద్ధతిపై ప్రపంచవ్యాప్తంగా జరిగిన ప్రయోగాలను కాక్రేన్ సంస్థ 2017లో సమీక్షించింది. పుస్తకాలు, కరపత్రాలు చదువుకుని సొంతంగా ప్రయత్నించినవారి కన్నా బృందాల్లో చేరినవారు మానివేసే అవకాశం 50 నుంచి 130 శాతం వరకు ఎక్కువని ఆ సమీక్ష తేల్చింది. వైద్యుడో సలహాదారో విడిగా కూర్చోబెట్టి చెప్పే పద్ధతి కన్నా బృందం మెరుగని మాత్రం అది అనలేదు. జీవిత భాగస్వామికో స్నేహితుడికో మెళకువలు నేర్పి తోడుగా నిలిపిన ప్రయోగాల్లోనైతే స్పష్టమైన అదనపు ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి పక్కన ఎవరో ఒకరు ఉంటే చాలుననుకోవడం పొరపాటు. తోడు ఎలా ఉండాలన్నది తెలిసి ఉండాలి.

శ్రీకాకుళం చెప్పిన పాఠం

ఖరగ్‌పూర్ తెలుగువారి పూర్వుల ప్రాంతంలోనే ఇందుకు ఒక ఉదాహరణ ఉంది. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో, ముఖ్యంగా మహిళల్లో, చుట్ట నిప్పు ఉన్న కొనను నోటిలో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. దీన్నే అడ్డపొగ అంటారు. నిప్పు వేడి నేరుగా అంగిలికి తగలడం వల్ల అక్కడ మచ్చలు, పుండ్లు, చివరకు క్యాన్సరు వస్తాయి. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ఈ సంబంధాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చారు. విశాఖపట్నం వైద్యులు అంతకు ముందే ఈ వ్యాధిపై దృష్టి పెట్టారు.

ఆ పరిశోధకులు జబ్బును లెక్కించడంతో ఆగిపోలేదు. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారిని ఎంచుకుని, ఐదేళ్ల పాటు ఏటా వారి నోరు పరీక్షిస్తూ, ప్రచార సాధనాల ద్వారాను ముఖాముఖిగాను మానివేయమని బోధించారు. 1986లో వెలువడిన ఫలితాల ప్రకారం, బోధన అందనివారితో పోలిస్తే వీరిలో మానివేసినవారు, తగ్గించినవారు గణనీయంగా ఎక్కువ. క్యాన్సరుకు ముందు దశగా నోటిలో కనిపించే తెల్లమచ్చలు కొత్తగా రావడం కూడా తగ్గింది. చదువు అంతగా లేని పల్లెల్లో, ఖరీదైన మందులు లేకుండా ఇది సాధ్యపడింది. ఏటా అదే ఇంటికి వచ్చి, పేరు పెట్టి పిలిచి, కిందటిసారి ఏమన్నారో గుర్తుచేసే మనిషి ఉండటం చిన్న విషయం కాదు.

తోడుగా నిలిచేవారు ఏం చేయాలి?

మానదలచిన వ్యక్తి ముందుగా ఒక తేదీ నిర్ణయించుకుని, దాన్ని కనీసం ఇద్దరు ముగ్గురు సహోద్యోగులకు చెప్పాలని వైద్యులు సూచిస్తారు. రహస్యంగా మానేవారికి రహస్యంగా మొదలుపెట్టే వీలు కూడా ఉంటుంది. ఎంచుకునే తోడు ఇదివరకే పొగ మానివేసి నిలదొక్కుకున్న మనిషి అయితే శ్రేష్ఠం. మూడో రోజు రాత్రి నిద్ర పట్టకపోవడం, ఇంట్లోవారి మీద ఊరికే విసుక్కోవడం, నోరు చేదెక్కడం వంటివి అతనికి చెప్పకుండానే అర్థమవుతాయి. ఇవి జబ్బు లక్షణాలు కావనీ, శరీరం సర్దుకుంటున్న గుర్తులనీ అతను చెబితే నమ్మకం కుదురుతుంది. డాక్టరు చెప్పినా అంత కుదరదు.

సణుగుడు పనికిరాదు. “చెప్పానా, నీ వల్ల కాదని” అన్న ఒక్క మాట నెల రోజుల శ్రమను వృథా చేయగలదు. జేబులు వెతకడం, నోరు వాసన చూడటం వంటి నిఘా పనులు మనిషిని అబద్ధాలవైపు నెడతాయి. ఇంట్లో ఇల్లాలికి ఈ విషయంలో పడే భారం ఎక్కువ. పొరపాటున ఆమె పోలీసు పాత్రలోకి వెళ్లకుండా ఉండాలంటే, లెక్క అడిగే పని బయటి స్నేహితుడికి అప్పగించడం మేలు.

రోజుకు ఒకసారి పలకరించడం, తహతహ పుట్టినప్పుడు ఏ వేళనైనా ఫోను ఎత్తడం, టీ విరామంలో దుకాణం వైపు కాక మరో వైపు కాసేపు నడిపించడం, ఇవే తోడు చేయవలసిన పనులు. మొదటి రెండు వారాలు టీ దుకాణం దగ్గరి గుంపుకు దూరంగా ఉండటం తప్పు కాదు. అయితే కార్మికుడికి ఆ గుంపే లోకం. అందువల్ల గుంపును మానిపించడం కన్నా గుంపులో ఒకరిద్దరి చేత అదే రోజున మానిపించడం ఆచరణలో సులువు.

టీ విషయంలో అంతగా తెలియని ఒక సంగతి ఉంది. పొగలోని కొన్ని రసాయనాలు కెఫీన్‌ను శరీరం త్వరగా ఖర్చు చేసేలా చేస్తాయి. పొగ మానగానే ఆ వేగం తగ్గుతుంది. ఎప్పటిలాగే రోజుకు ఆరేడు టీలు తాగితే రక్తంలో కెఫీన్ పెరిగి గుండెదడ, నిద్రలేమి, ఆందోళన కలుగుతాయి. వాటిని పొగ మానినందువల్ల వచ్చిన బాధలుగా భావించి చాలామంది వెనక్కి వెళతారు. మానిన తొలి వారాల్లో టీలు సగానికి తగ్గించడం మంచిది.

పొగ మాని ఖైనీకి మారడం కూడా తరచు కనిపించే పొరపాటు. పొగ ఉండదు గాని నికోటిన్ బానిసత్వం అలాగే ఉంటుంది, నోటి క్యాన్సరు ముప్పు పెరుగుతుంది. 2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దల్లో 10.7 శాతం మంది పొగ తాగుతుండగా, నమిలే, పీల్చే పొగాకు వాడేవారు అంతకు రెట్టింపు, అంటే 21.4 శాతం ఉన్నారు. ఈ-సిగరెట్లను ప్రత్యామ్నాయంగా భావించేవారు హిజ్లీ పరిసరాల్లోని విద్యార్థుల్లో ఉంటే, వాటి తయారీ, అమ్మకం దేశంలో 2019 నుంచి చట్టరీత్యా నిషేధమని గుర్తుంచుకోవాలి.

మందులు, ఉచిత సలహా

వ్యసనం బలంగా ఉన్నవారికి నికోటిన్ గమ్, నికోటిన్ పట్టీలు, వైద్యుడి చీటీపై ఇచ్చే బుప్రోపియాన్, వరెనిక్లిన్ మందులు ఉపకరిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జులైలో విడుదల చేసిన మార్గదర్శకాలు మందులను, సలహాను కలిపి ఇవ్వాలని సూచించాయి. 2 మిల్లీగ్రాముల గమ్ చీటీ లేకుండానే దొరుకుతుంది. దాన్ని చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలకూడదు. ఘాటు తగిలేదాకా కొద్దిగా నమిలి, చెంపలో దాచి ఉంచి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి.

జాతీయ పొగాకు మానివేత సహాయవాణి 1800-11-2356 ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థలో 2016 మే నెలలో మొదలైంది. తరువాత బెంగళూరులోని నిమ్‌హాన్స్, ముంబయిలోని టాటా మెమోరియల్, గువాహటిలోని బరువా క్యాన్సరు సంస్థలకు విస్తరించింది. 2018 సెప్టెంబరు నుంచి ఈ సంఖ్యను సిగరెట్టు, బీడీ ప్యాకెట్ల మీదనే ముద్రిస్తున్నారు. నిమ్‌హాన్స్ కేంద్రం దక్షిణాది భాషల్లో మాట్లాడుతుంది కనుక బెంగాల్‌లో ఉన్న తెలుగువారు సలహాదారును తెలుగులో మాట్లాడమని అడగవచ్చు. ఆఫీసులో హిందీ, బజారులో బెంగాలీ ధారాళంగా మాట్లాడే మనిషికి కూడా తన బలహీనతను చెప్పుకోవలసి వచ్చినప్పుడు అమ్మ భాషే నోట వస్తుంది. ఇది సౌకర్యానికి మించిన విషయం. 011-22901701 సంఖ్యకు మిస్డ్ కాల్ ఇస్తే ఫోనుకు సందేశాల రూపంలో సలహాలు అందే పథకం కూడా ఉంది.

2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో ధూమపానంపై నిబంధనలు కఠినంగా అమలులోకి వచ్చాయి. జరిమానా 200 రూపాయల వరకు ఉంటుంది. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు. చట్టం అందుబాటును తగ్గించగలదు గాని తహతహను తగ్గించలేదు.

మానివేసిన ఫలితం మాత్రం త్వరగానే మొదలవుతుంది. 20 నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుంది. 12 గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సాధారణ స్థాయికి వస్తుంది. ఏడాది గడిచేసరికి గుండె జబ్బు ముప్పు పొగ తాగేవారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. నాలుగైదు కిలోల బరువు పెరగడం సాధారణమే. బరువుకు భయపడి మళ్లీ పొగ మొదలుపెట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే.

జారిపడితే

సంక్రాంతికో, ఇంటి పెళ్లికో శ్రీకాకుళం వైపు రైలెక్కే రోజులు మానినవారికి గట్టి పరీక్ష. ఊళ్లో ఎవరికీ మానిన సంగతి తెలియదు. “ఒక్క దమ్మేగా బావా, ఏమవుతుంది?” అన్న మాట ప్రేమతోనే వస్తుంది. చాలామంది అక్కడే జారుతారు. బయలుదేరే ముందే ఊళ్లో దగ్గరి బంధువు ఒకరికి ఫోను చేసి సంగతి చెప్పి ఉంచడం, ఖరగ్‌పూర్‌లోని తోడు ఆ నాలుగు రోజులూ రాత్రిపూట ఒకసారి మాట్లాడటం ఉపయోగపడతాయి.

ఒక్క సిగరెట్టు తాగినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు. ఆ తరువాతి గంటలో చేసే పనిని బట్టి ఫలితం ఉంటుంది. ప్యాకెట్టులో మిగిలినవి పారవేసి, ఆ రోజే తోడుకు చెప్పి, ఎక్కడ, ఎవరితో, ఏ వేళ జరిగిందో గుర్తుచేసుకోవాలి. తదుపరి ప్రయత్నానికి ఆ వివరాలే పనికివస్తాయి. శాశ్వతంగా మానినవారిలో చాలామంది అంతకు ముందు పలుమార్లు విఫలమైనవారే. తోడుగా ఉన్నవారు అప్పుడు అడగవలసింది “ఎందుకు తాగావు?” అని కాదు. “మళ్లీ ఏ రోజు నుంచి?” అని.